గిర్దావరుకు చక్కెర బీమారి

పోయిన ఆదివారం జరైతె నా చేతులతోని నేనే మా పిల్లిని సంపుకునేదాన్ని. జర ఆగుండ్రి, స్టాఫ్ రూముల అందరున్నరు గద, ఛాయ్ పోసుకోని మొదటి నుంచి చెప్త. నవ్వొస్తె నవ్వుకోండ్రి, నేనేం అనుకోను. నాకైతె నాలుగు దినాల సంది బువ్వ సయిస్తలేదు.

మా పిల్లిని మీరు సూసిండ్రు గద. ఎర్రది, పెద్ద తలకాయ, కొట్లాటల ఒక చెవి కొన తెగిపోయింది. పన్నెండేండ్లది. దానికి గిర్దావరు అని పేరు పెట్టింది మా ఆయననే. పొద్దున లేస్తె మా గల్లీల అన్ని ఇండ్ల వంటిండ్లు తిరిగి, ఏ పొయ్యి మీద ఏమున్నదో తనిఖీ జేసి ఇంటికొస్తది. "తాసిలాఫీసుల అసలు గిర్దావరు గూడ పొలాలు గింత సక్కగ తిరిగి సూడడు" అంటడు మా ఆయన. మాకు పిల్లలు గాలేదు, గందుకే సుగుణ టీచరు పిల్లిని గట్ల నెత్తికెక్కించుకున్నదని మీరు నా ఎనుక అనుకుంటరు. నాకెర్కే. అనుకోండ్రి, తప్పు లేదు.

వానలు తగ్గినప్పటి సంది గిర్దావరు నీళ్ళు తాగుడు మొదలువెట్టింది. తాగుడంటె మామూలు తాగుడు గాదు. దాని గిన్నెల నీళ్ళు అయిపోతె బకీటు, బకీటు మీద మూత వెడితె కాళ్ళు కడుక్కునే గోలెం. తినుడు మస్తు తింటున్నది, ఒంటికి మాత్రం పడ్తలేదు. వీపు నిమిరితె ఎముకలు చేతికి తగులుతున్నయి. ఎన్నడు ఇల్లు ఖరాబు జేయని పిల్లి, చాప మీద, మా ఆయన చెప్పుల మీద, ఎక్కడవడితె అక్కడ ఉచ్చ పోసుడు. ముసలిదైంది, గిట్లనే ఉంటది అనుకున్న నేను.

మా పక్కింట్ల గౌరమ్మత్త ఉంటది. మా రెండిండ్లకు నడుమ ఒకటే గోడ. అరవై ఏండ్ల మనిషి. ఆమె పుట్టిల్లు సేడం దిక్కు, మాట్లాడితె సగం కన్నడం. లింగాయతులు, కోడిగుడ్డు పేరు గూడ నోట్లకెల్లి తియ్యది. రెండేండ్ల కింద ఆమె ఇంటాయన పోయిండు. ఒక దినం ఆమె మా వాకిట్ల నిలవడి, పిల్లి పోసిన జాగ దిక్కు సూస్తున్నది. నేను గూడ సూసిన. నల్ల చీమలు బారుగట్టినయి.

"సుగుణా, మీ పిల్లికి చక్కెర బీమారి" అన్నది.

నాకు నవ్వొచ్చింది. "పిల్లులకు చక్కెర బీమారి ఎక్కడిది అత్తా?"

"మా ఇంటాయనకు గూడ గిట్లనే చీమలొచ్చినయి. నాలుగేండ్లు సూదులిచ్చిన నేను. నాకు తెల్వదా?"

నేను సైన్సు జెప్పే టీచరును. ఆమె సంతకం గూడ వెట్టరాని మనిషి. అసొంటి ఆమె నాకు బీమారి పేరు జెప్తుంటె నేనెట్ల ఒప్పుకుంట చెప్పుండ్రి. ఒప్పుకోలే. పదిహేను దినాలు గడిచినంక, పిల్లి ఎనుక కాళ్ళు ఈడ్చుకుంట నడుస్తుంటె అప్పుడు భయమైంది.

గంపల ఏసి, పైన పాత చీరె కట్టి, వికారాబాద్ పసుల దవాఖానకు తీస్కపోయిన. ట్రైన్ల దారి పొడుగూత ఒర్లింది. ధారూర్ల ఎక్కిన ఒక ముసలాయన గంప దిక్కు సూసి, "పసిపాపను గట్ల మూసి వెడ్తరా తల్లీ, గాలాడద్దా" అని నన్ను తిట్టిండు. మూత జర తీసి సూపెట్టిన. పాపం, లేశి వేరే పెట్టెలకు పోయిండు.

దవాఖానల ముంగట బర్లు, ఎడ్లు బారుగ నిలవడ్డయి. వాటి నడుమ నేను గంప పట్టుకోని. డాక్టర్ సాబ్ పడుసు పిల్లగాడు, హైద్రాబాద్ల సదువుకోని కొత్తగ వచ్చిండు. చీమల సంగతి జెప్తె, నవ్వుతడనుకున్న, నవ్వలే. "ఉచ్చ పట్టుకరండమ్మా, పరీక్ష జేద్దం" అన్నడు.

పిల్లి ఉచ్చ ఎట్ల పడ్తరో మీకెవరికన్న తెల్సా? నాకు గూడ తెల్వకుండె. రెండు దినాలు స్కూల్‌కెల్లి ఇంటికి పోవుడు, గరిటె పట్టుకోని దాని ఎనుక తిరుగుడు. అది కూసునేదాక ఆగాలె, కూసున్నంక సప్పుడు గాకుండ ఎనుకనుంచి గరిటె దూర్చాలె. గరిటె సల్లగ తగిలిందో, లేశి పోతది. మూడో దినం దొరికింది. సీసల పోసి బిరడ వెడుతుంటె మా ఆయన వచ్చి గరిటె దిక్కు సూసిండు. "గిది పప్పు గరిటెనా?" అన్నడు. ఆ రోజు సంది ఆయన పప్పు గిన్నె వంచుకోని పోసుకుంటున్నడు.

మళ్ళ వికారాబాద్ పోయిన. డాక్టర్ సాబ్ గాజు గొట్టంల నీలం మందు పోసి, దాంట్ల నాలుగు చుక్కలు ఉచ్చ ఏసి, దీపం మీద కాగవెట్టిండు. నీలం రంగు నీలం లెక్కనే ఉంటె చక్కెర లేనట్టు. మాది పచ్చగైంది, పసుపచ్చగైంది, ఆఖరుకు ఇటుక రంగుకు వచ్చి ఆగింది. గౌరమ్మత్త మొకం నా కండ్ల ముంగట కనవడ్డది.

"అమ్మా, నిజం జెప్త" అన్నడు డాక్టర్. "పిల్లికి గీ బీమారి వస్తదని పుస్తకంల సదివిన. వైద్యం జేసుడు గిదే మొదలు. పాలు బంద్, రొట్టె బంద్, అన్నం బంద్. కార్జం, మాంసం, కోడిగుడ్డు, గంతే. పొద్దున తిన్నంక రోజు సూది. తప్పకుండ తిన్నంకనే. ఒకవేళ సూదికి తూలి పడితె, ఎంటనే నోట్ల చక్కెర నీళ్ళు పొయ్యాలె."

నేను ఒక్కొక్క మాట నోటుబుక్కుల రాసుకున్న. అన్ని రాసుకున్న.

పన్నెండేండ్లు జొన్నరొట్టె పాలల్ల నానవెట్టి తిన్న పిల్లికి కార్జం వెడితె ఎట్లుంటది? వాసన సూసి, కాలుతోని మట్టి కప్పినట్టు జేసి, నా మొకం దిక్కు సూసేది. ఉడకవెట్టిన, ఏంచిన, సన్నగ కోసిన, చేతుల వెట్టుకోని తినిపిచ్చిన. గింత తినేది, గంత వదిలేది. మా ఆయన రైల్వే గూడ్సాఫీసుల పని జేస్తడు గద, ఎర్కున్న గార్డు ఒకాయన హైద్రాబాద్ నుంచి సూది మందు తెచ్చిచ్చిండు. అది సల్లగ ఉండాలె. కొత్త కుండల తడి ఇసుక పోసి, దాంట్ల సీస వెట్టి, పొద్దు మాపు నీళ్ళు సల్లుడు. గాజు సూదిని రోజు ఉడకవెట్టుడు. గదంత సూసి మా ఆయన ఒకటే మాటన్నడు. "పోయిన ఏడు నాకు మలేరియ వచ్చినప్పుడు నువ్వు స్కూల్‌కు పోయినవు."

పది దినాలు సూదులిచ్చినంక ఇంట్లనే పరీక్ష జేసిన. డాక్టర్ నీలం మందు జర సీసల పోసిచ్చిండు. మళ్ళ ఇటుక రంగే. రోజు వికారాబాద్ పోవుడు అయ్యే పనేనా, పోస్టుకార్డు రాసిన. "డాక్టర్ గారికి నమస్కారం. ఉచ్చ ఇంకా ఎర్రగనే వస్తున్నది. తిండి సరిగ తింటలేడు. ఏం జేయమంటరు?" నేను పిల్లి అని రాసుడు మర్చిపోయిన, ఇంట్ల మనిషి లెక్కనే రాసిన. పోస్టుకార్డాయె, ఎవరైన సదువొచ్చు. రెండో దినం గూడ్సాఫీసుల మా ఆయనను పోస్టుమాన్ పక్కకు పిలిచి, "సార్, తబియత్ ఎట్లున్నది, ఫికర్ జెయ్యకుండ్రి, మా మామకు గూడ తగ్గింది" అన్నడట. మా ఆయన ఇంటికొచ్చి నాతోని రెండు దినాలు మాట్లాడలే.

డాక్టర్ జవాబు రాసిండు. సూది మీద రెండు గీతలున్న మందును నాలుగు గీతలు జెయ్యమన్నడు. చేసిన. అయినా ఇటుక రంగే.

గప్పుడు నాకు అనుమానమొచ్చింది. పిల్లి ఎక్కడో తీపి తింటున్నది. ముందుగాల మా ఇంట్లనే సూసిన. బెల్లం డబ్బ మూత వదులు. బెల్లం మొత్తం మూటగట్టి స్కూల్ల ఆయమ్మకిచ్చిన. చక్కెర గూడ ఇచ్చేసిన. మా ఆయన ఛాయ్‌కు స్టేషన్ దగ్గర హోటల్‌కు పోవుడు మొదలువెట్టిండు. ఇంట్ల తీపి అన్నది సుక్క లేకుండ జేసిన. మస్తు కుశాలయ్యింది నాకు. అయినా ఇటుక రంగే.

శనివారం ఒంటిపూట బడి గద, తొందరగ ఇంటికి పోయిన. నడిమి గోడ మీదికెల్లి సూస్తె గౌరమ్మత్త వాకిట్ల కూసున్నది. ముంగట ఇత్తడి గిన్నె. గిన్నెల తల వెట్టి మా గిర్దావరు. పాలు, బెల్లం, అండ్ల సజ్జరొట్టె ముక్కలు. ఆమె దాని వీపు నిమురుకుంట కన్నడంల ఏందో జెప్తున్నది.

నాకు ఒళ్ళు మండింది. నెల దినాలు నేను పడ్డ కష్టమంత కండ్ల ముంగట తిరిగింది. ట్రైన్లు, గరిటె, ఇసుక కుండ, కార్జం. గోడ మీదికెల్లే అరిచిన.

"ఎన్ని దినాల సంది పెడ్తున్నవ్ అత్తా?"

"పొద్దుగాల జరంత, పగటీలి జరంత" అన్నది. "ఆకలైతున్నదమ్మా దానికి. మొకం సూస్తె తెలుస్తలేదా?"

ఇగ నేనన్న మాట వినుండ్రి. అనకూడని మాట. "ఒకరిని చక్కెరతోని సాగనంపినవు, సాలదా? నా పిల్లిని గూడ సంపుతవా?"

ఆమె లేశింది. గిన్నె తీస్కోని లోపలికి పోయి తలుపేసుకున్నది. పిల్లి ఆ తలుపు ముంగట సానసేపు కూసున్నది. నేను గోడ దుంకి పోయి దాన్ని ఎత్తుకోని తెచ్చుకున్న. నేనే గెలిచిన అనుకున్న, సూడుండ్రి.

ఆదివారం పొద్దున కార్జం వెట్టిన. ముట్టలే. గుడ్డు వెట్టిన. ముట్టలే. గౌరమ్మత్త తలుపు దిక్కే సూస్తున్నది. చర్చికి టైం అయితున్నది, నేను గడియారం దిక్కు సూస్తున్న. ఏడు గంటలకు సూది ఇయ్యాలని నోటుబుక్కుల రాసుకున్న గద. తిన్నంకనే అని గూడ రాసుకున్న. గని ఏడైంది. సూది అయినంక తింటది తీ అనుకోని నాలుగు గీతలు సూది ఇచ్చిన. రోజు పాలు బెల్లం తింటుంటె వెంచిన మందది. ఆ పాలు నేనే బంద్ జేసిన, మందు మాత్రం తగ్గియ్యలే. ఏడో తరగతి పిల్లలకు సైన్సు జెప్తున్న నేను, ఒక్క తీసివేత లెక్క నా బుర్రకెక్కలే.

ఎనిమిదిన్నర దాటింది. తెల్లచీరె కట్టుకోని బైబిల్ సంచిల పెడ్తున్న. గిర్దావరు అర్రలకెల్లి వాకిట్లకు వచ్చింది. నాలుగడుగులేసి పక్కకు ఒరిగింది. మళ్ళ లేశి మళ్ళ ఒరిగింది. మా ఆయన గడ్డం గీసుకుంట సూసి, "కల్లు తాగొచ్చిందా ఏంది" అని నవ్విండు. నేను గూడ నవ్వబోయిన. గంతల్నే అది బోర్లవడి కాళ్ళు కొట్టుకున్నది. కండ్లు తెరిచే ఉన్నయి, నన్ను సూస్తలేవు. నోట్లకెల్లి సొంగ కారుతున్నది.

చక్కెర నీళ్ళు. డాక్టర్ మాట యాదికొచ్చింది. వంటింట్లకు ఉరికిన. చక్కెర డబ్బ తీసిన, ఖాళీ. బెల్లం డబ్బ, ఖాళీ. ఎందుకు ఖాళీ ఉన్నదో ఒక్క నిమిషం నాకు సమజ్ గాలే. సమజైనంక మా ఆయనను కేకేసిన. మా ఆయన సగం గీసిన గడ్డంతోని కిరాణం దుకాణానికి ఉరికిండు. పొద్దుగాల దుకాణం తెరిచి లేదు.

నేను పిల్లిని కొంగుల ఏసుకోని గౌరమ్మత్త తలుపు కొట్టిన. ఏ మొకంతోని కొట్టిన్నో నాకే తెల్వది. ఆమె పూజకు కూసున్నట్టున్నది, నుదుట ఈబూది పచ్చిగనే ఉన్నది. నన్ను సూసింది. కొంగుల ఉన్నదాన్ని సూసింది. లోపలికి పోయి, పూజల వెట్టిన తేనె గిన్నె పట్టుకోని వచ్చి కింద కూసున్నది.

"తల పట్టుకో. నోట్ల పొయ్యకు, ఊపిరి అడ్డం వడ్తది" అన్నది. ఏలుకు తేనె అద్దుకోని పిల్లి చిగుళ్ళకు రాసుడు మొదలువెట్టింది. రాసుకుంట, కన్నడంల "అయ్యో పాప, అయ్యో పాప" అనుకుంట. పండ్లు కలుక్కున ఏలు మీద పడ్డయి, రక్తమొచ్చింది. ఏలు తియ్యలే. మళ్ళ రాసింది.

ఎంతసేపో నాకు తెల్వది. తలుపుల నిలవడ్డ మా ఆయన పది నిమిషాలన్నడు. గిర్దావరు నాలుక బయటికొచ్చి తేనెను నాకింది. ఇంకొకసారి నాకింది. అప్పుడు కండ్లు తిప్పి నన్ను సూసింది. నేను గక్కడనే, ఆమె వాకిట్ల కూలవడి ఏడ్సిన. చర్చి గంట ఇనొస్తున్నది. పోలే నేను.

గౌరమ్మత్త ఏలుకు గుడ్డ కట్టుకున్నది. నిన్న నేనన్న మాట గురించి చెప్పుకోబోయిన. గంతల్నే ఆమెనే మొదలువెట్టింది.

"నేను మా ఇంటాయనకు తీపి పెట్టి సంపలే టీచరమ్మా. పెట్టకనే పోయిండు. డాక్టర్ ఏది జెప్తె అది జేసిన. నాలుగేండ్లు పండుగకు గూడ ఒక్క పూర్ణం బచ్చం నోట్ల వెట్టనియ్యలే. ఆఖరు వారం ఇగ లేవడని డాక్టర్‌కు తెల్సు, నాకు తెల్సు. సగం బచ్చం ఇయ్యవే అని అడిగిండు. ఇయ్యలే. రేపు తగ్గినంక తిందువులే అన్న. మూడో రోజు పోయిండు." ఏలుకు కట్టిన గుడ్డ సవరించుకున్నది. "మీ పిల్లి అచ్చం గట్లనే నా మొకం దిక్కు సూసింది. నా చెయ్యి ఆగలే. తప్పు నాదే."

తప్పు నాదని నేనన్న. కాదు నాదన్నది. గట్ల ఇద్దరం కూసోని ఒకరి తప్పు ఒకరం గుంజుకుంటుంటె, మా ఆయన సగం గడ్డంతోని, "ఇద్దరిది తప్పే, లేవుండ్రి, నాకు ఛాయ్ అన్న ఎవరన్న పొయ్యుండ్రి" అన్నడు. గౌరమ్మత్తనే పోసింది. బెల్లం ఏసి.

సోమవారం లీవు వెట్టిన్నని మీకు తెల్సు గద. గిర్దావరును గంపల ఏసుకోని వికారాబాద్ పోయిన, ఎంట గౌరమ్మత్త గూడ వచ్చింది. డాక్టర్ సాబ్ అంత విని, తల పట్టుకోని కూసున్నడు. తిననప్పుడు సూది ఎందుకిచ్చినవని అడిగిండు. ఏడైందని జెప్పిన. ఆయన నా దిక్కు నుంచి కుర్చీ తిప్పుకోని గౌరమ్మత్తతోని మాట్లాడిండు. మందు మళ్ళ రెండు గీతలు జేసిండు. కార్జం తినకుంటె అండ్ల జర పాలు కలుపొచ్చన్నడు, బెల్లం మాత్రం వద్దన్నడు. "సూది ఎవరిస్తరు?" అన్నడు. ఇద్దరం ఒకటేసారి ఏలు సూపెట్టినం. నేను ఆమెను సూపెట్టిన. ఆమె తననే సూపెట్టుకున్నది.

గిప్పుడు పొద్దుగాల గౌరమ్మత్తనే వస్తది. గిన్నెల కార్జం వెట్టుడు నా పని. ఆమె ముక్కుకు కొంగు అడ్డం వెట్టుకోని గోడ దిక్కు మొకం తిప్పుకోని కూసుంటది. పిల్లి ఆమెకు ఆనుకోని కూసోని మొత్తం తింటది. తిన్న సప్పుడు ఆగినంక, "అయ్యిందా?" అని అడిగి, ఇటు తిరిగి, చర్మం గింత లేపి, సూది ఇచ్చి పోతది. పిల్లికి సూది ఇచ్చింది గూడ తెల్వది. నా చేతుల సూది సూస్తె మాత్రం మంచం కిందికి పోతది. మొన్న పరీక్ష జేస్తె ఆకుపచ్చ దగ్గర ఆగింది రంగు. ఎన్ని దినాలుంటదో తెల్వది. ముసలి పానం. ఎన్ని దినాలున్నా కడుపు నిండ తిని ఉంటది, గది సాలు అన్నది ఆమె.

సూది ఉడకవెట్టుడు ఒక్కటి నాకు వదిలేసిండ్రు. గిన్నెల నీళ్ళు పోసి, గాజు సూది ఏసి, పొయ్యి మీద వెట్టి, పది నిమిషాలకు దించాలె. ఇంతే. ఇండ్ల తప్పు జేసేటందుకు ఏం లేదని మా ఆయన గూడ అన్నడు.

నిన్న పొయ్యి మీద వెట్టి, మీ అందరి లెక్కనే నేను గూడ పరీక్ష పేపర్లు దిద్దుకుంట కూసున్న. మూడు పేపర్లు దిద్దిన్ననుకుంట. ఏందో పట్టుమన్నది. పోయి సూస్తె నీళ్ళు ఇగిరిపోయినయి, గిన్నె నల్లగైంది, సూది నిలువునా రెండు ముక్కలు. గౌరమ్మత్త వచ్చి సూసింది, పిల్లి సూసింది, మా ఆయన సూసిండు. ఎవ్వరు ఒక్క మాట అనలే. గదే ఎక్కువ బాధైంది నాకు.

గందుకని రేపు పొద్దుగాల ట్రైన్‌కు మళ్ళ వికారాబాద్ పోవాలె, కొత్త సూదికి. విమలా, నా ఏడో తరగతి జర నువ్వు సూసుకో. లీవు లెటర్ల ఏం రాయాల్నో తోస్తలేదు. నాకు జ్వరమని రాద్దమనుకుంటె మా ఆయన వద్దన్నడు. "నిజమే రాయి. నీ చేతులల్ల ఏదున్నా ఖరాబైతదని ఒక్క వాక్యం రాస్తె, హెడ్ మాస్టర్ సాబ్ వారం దినాలు లీవు ఇచ్చి, సాక్ పీసుల డబ్బ గూడ ఇంకెవరికన్న అప్పజెప్తడు" అన్నడు.